ముందు గుడ్డికొంగ పేజీ తీయండి

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. పన్నెండేళ్ల కింద, మా జిరాక్స్ షాపుకి సామాను కొనడానికి హైదరాబాద్ పోయినప్పుడు, అక్కడొక ఇంగ్లీషు పక్షుల పుస్తకం దొరికింది. అట్ట లేదు. మొదటి పేజీలు చినిగిపోయాయి. రాసిందెవరో, అచ్చేసిందెవరో తెలియదు. 60 రూపాయలన్నాడు, ఇచ్చేసి సంచిలో వేసుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు చెన్నూరు దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. నిద్ర పట్టక పేజీలు తిప్పుతుంటే ఒకచోట కళ్లు ఆగిపోయాయి. సిరొంచ అని ఉంది.

మా ఊరే. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి అవతలి గట్టున ఉండే సిరొంచ. జిల్లా కేంద్రం వాళ్లకే దూరమైన మా ఊరు పక్షుల పుస్తకంలోకి ఎలా వచ్చిందా అని ఆ పేజీ మొత్తం చదివాను. అది జెర్డాన్స్ కోర్సర్ అనే పిట్ట గురించి. తెలుగులో కలివికోడి. రాత్రిపూట పొదల మధ్య పరుగెత్తే పిట్ట, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. 1848లో శాస్త్రం దానికి పేరు పెట్టింది. పెన్నా లోయలో కడప, అనంతపురం దిక్కున, గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం దగ్గర మాత్రమే చూసినట్టు దాఖలాలున్నాయి. గోదావరి దిక్కున దాన్ని చూసినవాడు బ్లాన్‌ఫోర్డ్, రాళ్ల లెక్క కట్టడానికి ఈ అడవుల్లో తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దొరికింది కూడా అక్కడి పిట్టలు పట్టే మనిషి ఒకాయన చేతికి.

నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను. బడి మరాఠీలో, ఇల్లు తెలుగులో. ఈ మాట నాకు బడిలోనూ ఎవరూ చెప్పలేదు, ఇంట్లోనూ ఎవరూ చెప్పలేదు. అట్టలేని పుస్తకం చెప్పింది. ఆ రోజు నుంచి పక్షుల పుస్తకాల పిచ్చి పట్టుకుంది. ఈ పన్నెండేళ్లలో చాలా కొన్నాను, కొన్ని అనవసరంగా కొన్నాను. ఈమధ్య షాపుకి వచ్చే కాలేజీ పిల్లలు, టీచర్లు “అన్నా, పిట్టల గురించి మంచి పుస్తకం ఏది కొనాలి?” అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. పుస్తకం చేతిలోకి తీసుకోగానే అందమైన పిట్టల బొమ్మలు చూడొద్దు. మీకు బాగా తెలిసిన పిట్ట పేజీ తీయండి. రోజూ చూసే పిట్ట గురించి సరిగ్గా రాసినవాడిని, ఎన్నడూ చూడని పిట్ట గురించి నమ్మొచ్చు. తెలిసినదాంట్లోనే తప్పు రాసినవాడిని తెలియనిదాంట్లో ఎలా నమ్ముతాం?

నాకు ఆ పిట్ట గుడ్డికొంగ. చెరువు ఉన్న ప్రతి ఊళ్లో ఉంటుంది. మనిషి పక్కకు వచ్చేదాకా కదలదు కాబట్టి దానికి కళ్లు కనబడవని మనవాళ్లు ఆ పేరు పెట్టారు. మరాఠీలో దానికున్న పేర్లలో ఒకటి వంచక్. కదలకుండా నిలబడి చేపను మోసం చేస్తుందని. ఒకే అలవాటుని చూసి మనవాళ్లు జాలిపడ్డారు, వాళ్లు నేరం మోపారు. ఈ పేర్ల మీదే ఒక పేజీ రాయొచ్చు.

మొన్న జూన్‌లో మా చెరువు తూము దగ్గర కూర్చుని ఉంటే, నాలుగు బారల దూరంలో ఒక గుడ్డికొంగ నిలబడి ఉంది. మెడ భుజాల్లోకి లాక్కుని, ముసలాయన దుప్పటి కప్పుకున్నట్టు. ఎండాకాలమంతా బురదరంగు చారలతో ఉండే పిట్ట, ఆ రోజు వీపు పండిన నేరేడు రంగుకి తిరిగింది. తల వెనక సన్నటి తెల్లని ఈకలు రెండు మూడు గాలికి ఊగుతున్నాయి. ఒక కాలు ఎత్తింది. దాన్ని మళ్లీ నీళ్లలో పెట్టడానికి ఎంతసేపు తీసుకుందంటే, ఆలోపల నేను చాయ్ మొత్తం తాగేశాను. తర్వాత మెడ ఒక్కసారి సాగింది, ముక్కున కప్ప ఉంది. నేను లేచి నిలబడగానే ఎగిరింది. రెక్కలు విప్పగానే అంతా తెలుపు. బురదలో ఉన్న పిట్ట ఎటు పోయిందో, ఈ తెల్లకొంగ ఎక్కడినుంచి వచ్చిందో అన్నట్టు ఉంటుంది చూసేవాళ్లకి.

మంచి పుస్తకంలో ఇవన్నీ ఉంటాయి. కూర్చున్నప్పుడు ఒక రంగు, ఎగిరితే ఇంకో రంగు, వానాకాలం గూడు కట్టేటప్పుడు మూడో రంగు. మూడింటికీ బొమ్మలుంటాయి. “కొంగ నీటి ఒడ్డున నివసించును, చేపలను తినును” అని రెండు ముక్కలు రాసి, ఒక ఫొటో పెట్టి ఊరుకున్న పుస్తకం ఎంత నిగనిగలాడే కాగితం మీద ఉన్నా అక్కడే పెట్టేయండి.

ఈ పరీక్ష నేను నేర్చుకున్నది డబ్బులు పోగొట్టుకున్నాకే. మా పాప చిన్నప్పుడు ఒక తెలుగు పక్షుల పుస్తకం పోస్టులో తెప్పించాను. ప్రచురణకర్తల పేరు ఇక్కడ అనవసరం. 850 రూపాయలు. ప్రతి పేజీకీ పెద్ద రంగుల ఫొటో. దసరా రోజు సాయంత్రం జమ్మికి పోయి, పాలపిట్టను చూసి వచ్చాం. ఇంటికి రాగానే పాప ఆ పుస్తకంలో పాలపిట్ట పేజీ తీసి, కాసేపు చూసి, “నాన్నా, ఇది మన పాలపిట్ట కాదు. దీనికి మెడ వేరే” అంది. నిజమే. మన పాలపిట్ట రొమ్ము ఎర్రమట్టి రంగు, దాని మీద సన్నటి తెల్ల గీతలు ఉంటాయి. ఫొటోలో పిట్టకి తల, మెడ, రొమ్ము అంతా లేత నీలం. అది యూరప్‌లో, మధ్య ఆసియాలో గూడు కట్టి, ఆఫ్రికా పోతూ దారిలో గుజరాత్, రాజస్థాన్ వైపు దిగే ఇంకో జాతి. ఎవరో ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో తీసి అతికించారు. గోదావరి దాటితే తెలంగాణకి అది రాష్ట్ర పక్షి. ఏటా దసరాకి లక్షల మంది వెతుక్కుని మరీ చూసే పిట్ట. తెలుగు పుస్తకంలో దాని బొమ్మే తప్పు పడితే మిగతా పేజీల సంగతేంటి? ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. ఆ పుస్తకం పట్టుకుని పెరిగే పిల్లలు కళ్లముందున్న పిట్టను నమ్మాలా, అచ్చులో ఉన్నదాన్ని నమ్మాలా?

ఫొటోల పుస్తకాలకు నేను ఎదురు మాట్లాడేది ఇందుకు మాత్రమే కాదు. ఫొటో తప్పు లేకపోయినా, అది ఒక పిట్ట, ఒక రోజు, ఒక వెలుతురు. పొద్దున ఎండలో తీస్తే బంగారంలా ఉంటుంది, మబ్బులో తీస్తే బూడిదలా ఉంటుంది. చిత్రకారుడు గీసిన బొమ్మలో మగది, ఆడది, పిల్ల, అన్నీ ఒకే వరసలో, ఒకే వెలుతురులో నిలబడతాయి. పక్కనే దాన్ని పోలిన ఇంకో జాతి ఉంటుంది. తేడా ఎక్కడుందో బొమ్మే చూపిస్తుంది. నదిలోకి చలికాలం బాతులు దిగినప్పుడు ఈ సంగతి బాగా తెలుస్తుంది. మగ బాతులు సరే, గోధుమరంగులో ఉండే ఆడ బాతులన్నీ ఒకటే పోలిక. ఫొటోలతో వాటిని విడదీయడం నావల్ల కాలేదు, గీసిన బొమ్మలతో అయింది.

అందుకే ఒకే పుస్తకం కొనగలిగితే ఏది అని అడిగేవాళ్లకి, గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతులు కలిసి చేసిన భారత ఉపఖండపు పక్షుల పుస్తకం చెప్తాను. 1998లో వచ్చింది, 2011లో కొత్త కూర్పు వేశారు. అన్నీ గీసిన బొమ్మలే, జాతి ఎక్కడెక్కడ ఉంటుందో చూపే చిన్న మ్యాపు ఉంటుంది. ఆ మ్యాపు చాలా పని చేస్తుంది. మన దిక్కున రంగు వేసి లేకపోతే ఆ పిట్ట అయ్యే అవకాశం తక్కువని వెంటనే తెలుస్తుంది. పెద్ద కూర్పు బరువు, నది గట్టుకి మోసుకుపోవడం కష్టం. చిన్న పాకెట్ కూర్పు తీసుకోండి.

చదువుకోవడానికి మాత్రం సలీం అలీ. 1941లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వేసిన ఆయన పుస్తకం, ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్, ఇప్పటికీ దొరుకుతుంది. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది కొలత. పిట్ట ఎంత ఉంటుందో చెప్పడానికి ఆయన మనకు తెలిసిన పిట్టల్నే కొలబద్ద చేశాడు. పిచ్చుకంత, పిగిలిపిట్టంత, గోరింకంత, పావురమంత, కాకంత, గద్దంత, ఊరకోడంత. దానికంటే కొంచెం పెద్దదైతే ప్లస్ గుర్తు, చిన్నదైతే మైనస్ గుర్తు. సెంటీమీటర్లు చెప్తే చెట్టు మీది పిట్టను ఎవరు కొలుస్తారు? “గోరింక కంటే కొంచెం చిన్నది” అంటే మా అమ్మకు కూడా అర్థమవుతుంది. 1931, 32లలో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన మనిషి ఆయన. మాకు నదికి అవతల ఉన్నదంతా అప్పుడు నిజాం రాజ్యమే. ఎడ్లబండి దారులు తెలిసినవాడు రాసిన రాత ఎలా ఉంటుందో ఆ వాక్యాల్లో కనబడుతుంది. 1985లో వచ్చిన ఆత్మకథ, ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో కూడా చదవండి. పక్షులు తెలియకపోయినా చదివించే పుస్తకం.

పాత కూర్పులు దొరికితే పారేయొద్దు. జాతుల పేర్లు మారి ఉండొచ్చు, ఒకటి అనుకున్నది రెండై ఉండొచ్చు. కానీ ఆ రోజుల్లో ఏం కనబడేదో అందులో ఉంటుంది. పాత పుస్తకాల్లో రాబందుల్ని ఊరూరా ఉండే పిట్టలుగా రాశారు. ఊరి బయట గొడ్డు పడితే ఆకాశం నల్లగా అయ్యేదని మా నాన్న చెప్పేవాడు. నేను చూసింది తక్కువ, మా పాప ఊళ్లో ఒక్కటీ చూడలేదు. పశువులకు వేసే డైక్లోఫెనాక్ సూది మందు వాటి కిడ్నీలు పాడు చేస్తోందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశంలో నిషేధించారు. అప్పటికే ఒక జాతిలో నూటికి తొంభై తొమ్మిది పోయాయి. ఆ తర్వాత రాబందు గూళ్లు చూడాలంటే ప్రాణహిత అవతల బెజ్జూర్ అడవిలో పాలరాపుగుట్ట రాతి అంచుల దాకా పోవాల్సి వచ్చింది. పాత పుస్తకంలో “సాధారణం” అన్న ఒక్క మాట పక్కన నేను పెన్సిల్‌తో ఈ సంగతంతా రాసుకున్నాను.

పుస్తకంలో తప్పు ఉంటే ఎంత దూరం పోతుందో చెప్పే కథ మహారాష్ట్రలోనే ఉంది. అడవి పైడికంటె అని చెప్పుకోదగ్గ ఒక చిన్న గుడ్లగూబ, ఫారెస్ట్ ఔలెట్. 1884 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. మధ్యలో ఒక్క దాఖలా మాత్రం ఉండేది. మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లోని మాండ్వీ దగ్గర ఒకదాన్ని పట్టానని రాశాడు. పెద్ద పేరున్న మనిషి, పుస్తకాలన్నీ ఆ మాట ఎత్తి రాసుకున్నాయి. వెతికేవాళ్లు ఆ మాట పట్టుకుని వెతికారు. చివరికి పమేలా రాస్ముసెన్ అనే ఆవిడ మ్యూజియంలో దూది కూరి దాచిన ఆ పిట్ట చర్మాన్ని పరీక్షించి, అది వేరేవాళ్లు ఎప్పుడో పట్టిన పిట్ట అని, ఆయన దొంగిలించి, కుట్లు విప్పి మళ్లీ కుట్టి, కొత్త చీటీ కట్టాడని తేల్చింది. ఆ దొంగ దాఖలాను పక్కన పెట్టి, నిజంగా పాతకాలంలో పట్టినచోట్ల ఆవిడా, తోటివాళ్లూ వెతికారు. 1997 నవంబర్‌లో నందుర్బార్ దిక్కున శహాదా దగ్గర, పట్టపగలు, ఆకుల్లేని చెట్టు కొమ్మ మీద అది కూర్చుని ఉంది. 113 ఏళ్ల తర్వాత.

ఆవిడే జాన్ ఆండర్టన్‌తో కలిసి 2005లో దక్షిణాసియా పక్షుల మీద రెండు సంపుటాలు తెచ్చింది. మొదటిది బొమ్మలు, రెండోది వివరాలు. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, మొదట కొనాల్సింది కాదు. కానీ ఒక జాతి ఒకచోట ఉందని ఆ పుస్తకం అంటే, ఆ మాట వెనక ఎవరో చర్మం కుట్లు విప్పి చూశారని నాకు నమ్మకం. పక్షుల పుస్తకంలో నేను వెతికేది ఆ నిజాయితీయే. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు. బస్సులో నేను చదివిన ఆ పేజీ సిరొంచ అనే ఒక్క మాట వల్లే నా జీవితంలోకి వచ్చింది. “దక్షిణ భారతంలో కలదు” అని రాసి ఉంటే పేజీ తిప్పేసేవాణ్ణి.

ఇక భాష సంగతి. నా అల్మారాలో మరాఠీ వరస చూస్తే సంతోషం, తెలుగు వరస చూస్తే కష్టం. మారుతి చితంపల్లి 1932లో సోలాపూర్‌లో పుట్టి, అటవీ శాఖలో పనిచేస్తూ విదర్భ అడవుల్లో ఏళ్లకేళ్లు గడిపారు. పద్మశ్రీ వచ్చిన 2025లోనే పోయారు. ఆయన పక్షికోశ్ నా షాపు బల్ల మీదే ఉంటుంది. కాకులు గుంపుగా గూళ్లు పెట్టే చోటుకి కాకాగార్ అని, కొంగలు గూళ్లు పెట్టే చోటుకి సారంగాగార్ అని మరాఠీకి మాటలు ఇచ్చారు. ఆ మాటల కోసం సంస్కృతం దగ్గరికీ పోయారు, గోండుల దగ్గరికీ, చేపలు పట్టేవాళ్ల దగ్గరికీ పోయారు. మలయాళంలో అయితే ఇందుచూడన్ అనే కలం పేరుతో నీలకంఠన్ అనే ఇంగ్లీషు మాస్టారు 1958లోనే కేరళ పక్షుల మీద పుస్తకం రాశారు. ఆ భాషవాళ్లు ఇప్పటికీ దాన్ని పేరు పెట్టి తలుచుకుంటారు.

మనకు మనుషులు లేరా? హైదరాబాద్‌లో ఉండే ఆశీష్ పిట్టీ, మూడు వందల ఏళ్లలో దక్షిణాసియా పక్షుల మీద వచ్చిన పుస్తకాలన్నిటికీ పట్టిక చేసి 2010లో ‘బర్డ్స్ ఇన్ బుక్స్’ అనే గ్రంథం తెచ్చారు. పక్షుల పుస్తకాలు వెతికేవాళ్లకి అంతకంటే పెద్ద దారిచూపు లేదు. అది ఇంగ్లీషులో ఉంది. నది గట్టుకి తీసుకుపోయి, పేజీ తీసి, గుడ్డికొంగ బొమ్మ కింద గుడ్డికొంగ అనే ఉండే పుస్తకం కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. తెలుగులో దొరికేవాటిలో చాలావరకు ఇంగ్లీషు పేరుని ముక్క ముక్కగా తెలుగు చేసి పెడతారు. నల్లరెక్కల ఫలానా, పసుపుకాళ్ల ఫలానా. పసులపోలిగాడు అనే పేరు మనకుంది. పశువుల వీపు మీద ఎక్కి తిరిగే నల్లపిట్టకి, పశువులు కాసేవాళ్లు పెట్టుకున్న పేరు. దాన్ని వదిలేసి ‘నల్ల డ్రోంగో’ అని అచ్చేస్తే ఏ కాపరి పిల్లవాడు గుర్తుపడతాడు?

ఆ పేర్లు పోలేదు. తెలుగువాళ్లు మరిచిపోయినా, కలివికోడి ఇంగ్లీషు పేరులో ఉన్న జెర్డాన్ మరిచిపోలేదు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన ఆయన 1862 నుంచి 1864 వరకు అచ్చైన పుస్తకంలో, చాలా పిట్టలకి హిందీ పేరుతో పాటు తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. ఇంటర్నెట్‌లో ఆ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, విని రాసుకున్నవి కాబట్టి కొన్ని గుర్తుపట్టలేం. కలివికోడికి ఆయన రాసుకున్న పేరుని మన అక్షరాల్లోకి తిప్పితే ‘అడవి ఉత్తతిత్తి’ లాంటిదేదో వస్తుంది. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి అని కొందరు అర్థం చెప్పారు. నాకు అలా అనిపించదు. తీతువు కూత విన్నవాళ్లెవరికైనా ఆ తి, త్తిలో పిట్ట గొంతే వినబడుతుంది. అడవిలో ఉండే తీతువు లాంటి పిట్ట అని ఎవరో చెప్తే ఆ దొర రాసుకుని ఉంటాడని నా ఊహ.

ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ ఉంది, కూత వినిపిస్తే పేరు చెప్తుంది. నేనూ వాడతాను. పేరు తెలుసుకోవడానికి, అంతే.

ఈ ఏడాది ఒక పని మొదలుపెట్టాను. జెర్డాన్ పుస్తకంలో తెలుగు పేర్లున్న పేజీలు మా షాపులోనే ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించాను. ఎదురు పేజీలో ఆ పిట్ట రంగు బొమ్మ అతికించాను. ఆదివారం పూట అది పట్టుకుని రేవుకి పోతాను. వంతెన పడకముందు కాళేశ్వరానికి పడవ నడిపిన ఒక తాత ఉన్నాడు అక్కడ. ఆయనకి చదువు రాదు. నేను పేరు చెప్పను, బొమ్మ మాత్రం చూపిస్తాను. ఆయన చెప్పిన పేరు పెన్సిల్‌తో రాసి, తర్వాత జెర్డాన్ పేరుతో పోల్చి చూస్తాను. ఇప్పటికి ఇరవై మూడు పేర్లు కలిశాయి. పదకొండు చోట్ల ఆయన వేరే పేరు చెప్పాడు, వాటిని కూడా రాసిపెట్టాను. రెండు చోట్ల నా బొమ్మే తప్పన్నాడు. ఇంటికి వచ్చి చూస్తే నిజంగానే తప్పు.

పోయిన ఆదివారం కలివికోడి పేజీ తీశాను. ఆయన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. రొమ్ము మీది పట్టీల మీద వేలు పెట్టి, “ఇది పగలు తిరగదా బిడ్డా?” అన్నాడు.

“తిరగదు తాతా. రాత్రే.”

“మరి నాకేం తెలుస్తది. రాత్రి నేను పడవల పంటుంటి.” కాసేపు ఆగి, అంకీసాలో తన బామ్మర్ది ఉన్నాడని, వయసులో ఉన్నప్పుడు రాత్రిళ్లు లాంతరు పట్టుకుని కౌజులకు ఉచ్చులు పెట్టేవాడని చెప్పాడు. ఇప్పుడు చూపు తగ్గిందట, చెవులు మాత్రం బాగానే ఉన్నాయట.

వచ్చే ఆదివారం ఇద్దరం అంకీసా పోతున్నాం. లంకమలలో రికార్డు చేసిన కూత ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాను. ముందు కూత వినిపిస్తాను, పేరు నేను చెప్పను.